టమాటాల కాలంలో పోయిన మాట

ఆ సందులో పెద్దక్క గొంతు వినపడితేనే తెల్లవారినట్టు లెక్క. పాలు ఆలస్యమైతే పాలవాడికి, నీళ్ళు ముందే ఆగిపోతే కుళాయికి, కాపు తగ్గితే మొక్కలకి చివాట్లు తప్పేవి కావు. మొక్కలతోనూ ఆవిడ మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. "నీళ్ళు పోశానా, ఎరువేశానా, పడిపోకుండా కర్ర పాతి కట్టానా? ఇంకేం మాయరోగం నీకు?" అని ఒక టమాటా మొక్కని పట్టుకుని నిలదీస్తుంటే, వీధిలో ఎదురుగా ఇస్త్రీ బల్ల దగ్గరున్న అతను నవ్వాపుకోలేక పెట్టెలో బొగ్గులు సర్దుకునే వంకతో తల దించుకునేవాడు.

ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్ళిద్దరే. సందులో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా వాళ్ళని పెద్దక్క, చిన్నక్క అనే పిలిచేవారు. పెద్దక్క భర్త పెళ్ళయిన కొత్తల్లోనే పోయాడు. చిన్నక్కకి అసలు పెళ్ళే కాలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మా అక్క కాస్త ఆగితే కదా, నేను సరేనని చెప్పడానికి!" అనేది.

చిన్నక్క బస్సు డిపోలో సీట్లు కుట్టేది. చిరిగిపోయిన తొడుగులు ఊడదీసి, నలిగిపోయిన స్పాంజి మార్చి, కొత్త రెక్సిన్ లాగి బిగించి, లావుపాటి వంకర సూదితో కుట్టడం ఆమె పని. ఆ పనిలో ఆమెకి వంక పెట్టేవాళ్ళు లేరు. ఇంటికొస్తే మాత్రం వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు పెద్దక్క. "నీ చేతికి మెత్తటిదేదీ ఇవ్వకూడదే" అని ఎప్పుడో తేల్చిపారేసింది. చిన్నక్కకీ అదే హాయిగా ఉండేది. కంచం ముందు పెడితే తినడం, బాగాలేకపోతే బాగాలేదనడం, ఆ మాట మీద ఇద్దరూ పోట్లాడుకోవడం, ఇలా రోజులు వెళ్ళిపోయేవి.

రెండు గదుల ఇల్లు. వెనక సన్నటి పెరడు, పక్కగోడని ఆనుకుని డాబా మీదికి మెట్లు. పెరడంతా టమాటా మొక్కలే. గుండ్రటివి కావు, కోలగా, కండ ఎక్కువగా, గింజ తక్కువగా ఉండే రకం. ఎండాకాలంలో విరగకాసేవి. తిన్నన్ని తిని, పంచినన్ని పంచి, మిగిలినవి పెద్దక్క డాబా మీద ఎండబెట్టేది. వానలు మొదలై మొక్కలు కుళ్ళిపోయే రోజులకి వంటింటి అలమరలో గాజు సీసాల నిండా ఎర్రగా ముడుచుకుపోయిన ముక్కలు ఉండేవి. అవి సీసాలోకి ఎలా వచ్చేవో చిన్నక్క ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ ఏడు కాపు మంచి జోరు మీదుండగా ఒక ఉదయం చిన్నక్క డిపోకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటోంది. పెరట్లోంచి రావలసిన తిట్లు రావడం లేదని ఉన్నట్టుండి తోచింది. "అక్కా, వెళ్తున్నా" అని కేకేసింది. బదులు లేదు. చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది.

పెద్దక్క మొక్కల మధ్య నేల మీద కూర్చుని ఉంది. బుట్ట బోర్లాపడి పళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆవిడ ఒళ్ళో పడున్న తన కుడిచేతిని, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువుని చూసినట్టు చూసుకుంటోంది.

"ఏమైందక్కా? పడ్డావా?"

పెద్దక్క నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మూతి ఒక పక్కకి జారి ఉంది. మాట మాత్రం రాలేదు.

ఇస్త్రీ అతను సందు చివరికి బండి మాట్లాడి తెచ్చాడు. ఇద్దరూ కలిసి అక్కడిదాకా మోసి, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి భయం లేదని తెలియడానికే చాలా రోజులు పట్టింది. ఇంటికి పంపే ముందు డాక్టరు చిన్నక్కని పక్కకి పిలిచాడు. "ఆవిడకి అన్నీ వినపడతాయి, అర్థమవుతాయి. చెప్పాలనుకున్నది కూడా లోపల ఉంటుంది. అది నోటిదాకా వచ్చే దారే దెబ్బతింది" అన్నాడు.

"మళ్ళీ పడుతుందా ఆ దారి?"

"కొంత పడుతుంది. ఎంత అన్నది ఎవరూ చెప్పలేరమ్మా. మాటలు నేర్పే ఆవిడని పంపిస్తాను."

చిన్నక్క డిపోలో సెలవు పెట్టింది. వెనక గదిలో పెరటి కిటికీ పక్కన మంచం వేసి అక్కని పడుకోబెట్టింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమెకి అంతవరకూ తెలియదు. తనూ గొంతు తగ్గించి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు "మంచినీళ్ళు కావాలా? దిండు సరిచెయ్యనా?" అని మెల్లగా అడుగుతోంది. ఆ మర్యాద ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

మొక్కలకి మాత్రం ఇంటి కష్టం తెలియదు కదా. కాయలు పండుతూనే ఉన్నాయి. కోసేవాళ్ళు లేక పగిలి రాలుతున్నాయి. ఒక్కో పండు టప్పున నేల మీద పడినప్పుడల్లా పెద్దక్క కిటికీలోంచి చూసి, ఆ చూపు చెల్లెలి వైపు తిప్పేది. ఆ చూపు పడలేక చిన్నక్క ఒక పూటంతా కూర్చుని కోసింది. గంగాళం నిండింది, బకెట్లు నిండాయి, చివరికి స్నానాల గదిలో తొట్టి కూడా నిండింది. సందంతా పంచినా తరగలేదు.

"నేను ఎండబెడతాలే అక్కా. నువ్వు బెంగపెట్టుకోకు" అంది.

పెద్దక్క కళ్ళు పెద్దవయ్యాయి. సంతోషమనుకుంది చిన్నక్క. అది భయం.

భయపడినంతా అయింది. చిన్నక్క పళ్ళని దొరికిన కత్తితో చక్రాల్లా తరిగింది. గింజలూ రసమూ కారుతున్న ఆ చక్రాలని, డిపోలో పనికిరాదని పక్కన పడేస్తే తెచ్చుకున్న నల్ల రెక్సిన్ ముక్క మీద పరిచింది. నలుపు వేడిని పట్టి ఉంచుతుందని ఆమె ఆలోచన. ఈగలు వాలుతున్నాయని పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు పెట్టింది. మూడో రోజుకి కాగితం లోపల చెమట పట్టినట్టు నీళ్ళు. కింద ముక్కలు ఎండలేదు, ఉడికాయి. ఆ పైన తెల్లగా బూజు. మెట్ల మీదికే వాసన కొట్టింది.

దాచడం ఎందుకని ఒక పళ్ళెంలో తెచ్చి అక్కకి చూపించింది. పెద్దక్క చూసింది. వాసన చూసింది. మొహం గోడ వైపు తిప్పుకుంది. మామూలు రోజుల్లో అయితే ఆ పళ్ళేనికి సాయంత్రం దాకా సరిపడా తిట్లు పడేవి. తిట్లు తినడానికి సిద్ధమై నిలబడ్డ చిన్నక్కకి ఆ వీపు చూస్తే దుఃఖం ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మాటల టీచరమ్మ రావడం మొదలుపెట్టింది. కొంచెం బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. సంచిలోంచి బొమ్మల అట్టలు తీసి ఒక్కొక్కటే చూపించేది. "ఇది ఏంటమ్మా? పి... పిల్లి. ఇదో? బం... బంతి." పెద్దక్క మొదటి రోజు ఓర్చుకుంది. రెండోసారి వచ్చినప్పుడు ఎడమచేత్తో అట్టలన్నీ మంచం కిందికి తోసేసింది.

టీచరమ్మ నొచ్చుకోలేదు. బయటికి వచ్చాక "ఇదివరకు బాగా మాట్లాడేవారా?" అని అడిగింది.

"బాగానా! ముగ్గురు ఒకవైపు, మా అక్క ఒక్కతే ఒకవైపు అయినా ఆ ముగ్గురే నోరు మూసుకునేవాళ్ళు. అలాంటి దానికి మీరు పిల్లి బొమ్మ చూపిస్తే ఎలా టీచరమ్మా?"

టీచరమ్మ నవ్వింది. "నిజమే. అయితే బొమ్మలు పక్కన పెడదాం. ఆవిడకి ఏది చెప్పాలని తపనగా ఉంటుందో అది కళ్ళముందు పెట్టండి. చెప్పి తీరాలనిపించే మాటే ముందొస్తుంది."

అక్కకి ఏం చెప్పాలని ఉంటుందో చిన్నక్కకి వేరే ఆలోచించక్కర్లేదు. పళ్ళెంలో బూజు పట్టిన ముక్కల్ని చూసిన ఆ చూపు ఇంకా కళ్ళల్లోనే ఉంది. మర్నాడు పెరటి గుమ్మంలో కుర్చీ వేసి, అక్కని నడుము పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఎదురుగా పీట, కత్తి, గంగాళం పెట్టుకుని తనూ కూర్చుంది.

"ఇదిగో, కోస్తున్నా" అని పండుని అడ్డంగా పెట్టింది.

పెద్దక్క ఎడమచేత్తో పీట మీద గట్టిగా కొట్టింది. చిన్నక్క పండు తిప్పింది. పెద్దక్క తలూపింది. నిలువుగా కోయాలన్నమాట. కోసింది. వేలు మడిచి గీకినట్టు చూపించింది పెద్దక్క. గింజలు తీసెయ్యాలి. తీసింది. పళ్ళని ముందు తుడిచి తడి ఆర్చాలని కూడా అలాగే తెలిసింది. మధ్యాహ్నానికల్లా ముక్కలు పడవల్లా వరుసగా తయారయ్యాయి. చిన్నక్క వాటిని ఎత్తి డాబా మీదికి తీసుకెళ్ళబోయింది.

పెద్దక్క కుర్చీలోంచి సగం లేచింది. మెడ నరాలు ఉబ్బాయి. "ని... ని..." అంది. "నిప్పు!"

చిన్నక్క చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "ఏంటక్కా? మళ్ళీ అను!"

"నిప్పు."

చిన్నక్క వీధిలోకి పరిగెత్తింది. "మాట్లాడింది! మా అక్క మాట్లాడింది!"

ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. "ఏమంది?"

"నిప్పు అంది. రెండుసార్లు అంది."

"నిప్పా? అంటే ఎండ చాలదు, సెగ తగలాలని కాబోలు. ఆగు చిన్నక్కా, నా దగ్గర మంచి బొగ్గులున్నాయి."

ఇద్దరూ కలిసి పాత రేకు తొట్టిలో బొగ్గులు పోసి రాజేశారు. పైన ఇనుప జల్లెడ పెట్టి, దాని మీద ముక్కలు పేర్చారు. పెద్దక్క తల అడ్డంగా ఊపుతోంది. "నిప్పు! నిప్పు!" అంటోంది. "చాల్లేదంటున్నారు" అని ఇస్త్రీ అతను ఇంకొన్ని బొగ్గులు వేశాడు. ఆవిడ గొంతు పెంచింది. అతను ఇంకొన్ని వేశాడు. పొగకి ముగ్గురి కళ్ళల్లోంచీ నీళ్ళు. ముక్కల అంచులు నల్లబడి చిటపటమంటున్నాయి. పెద్దక్క కుర్చీ చేతిని పిడికిలితో బాదుతూ అదే మాట, ఇక అరుస్తోంది. ఆఖరికి ఆ అరుపు ఏడుపైపోయింది.

అప్పుడు చిన్నక్కకి వెలిగింది. అక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిప్పు కాదు కదక్కా?"

కాదని తలూపింది పెద్దక్క.

"ఇంకేదో చెప్పాలనుకుంటున్నావు. నోట్లోంచి ఇది వస్తోంది."

అవునంది తలతో. కన్నీళ్ళు మెడ దాకా కారుతున్నాయి. తప్పు మాట వస్తోందని ఆవిడకి మొదటిసారి నుంచీ తెలుసు. తన నోరు తన చెవులకే అబద్ధం చెబుతుంటే, దాన్ని విని వీళ్ళు సంబరపడి బొగ్గులు పోస్తుంటే, ఇంతసేపూ చూస్తూ కూర్చుంది. ఆ సంగతి తట్టేసరికి చిన్నక్క అరచేత్తో అక్క మెడ తుడిచింది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇస్త్రీ అతను చప్పుడు చెయ్యకుండా తొట్టిలో నీళ్ళు చల్లాడు.

తర్వాత చిన్నక్క లేచి వంటింట్లోకి వెళ్ళి చేతికందినవన్నీ తెచ్చి ఒక్కొక్కటే చూపించింది. గుడ్డ? కాదు. నూనె? కాదు. గరిటె? కాదు. చెక్క మూత ఉన్న జాడీ తెచ్చేసరికి పెద్దక్క ముందుకి వంగి ఎడమచేత్తో లాక్కుంది. మూత పంటితో లాగేసి, ఇంకా పొయ్యి ఎక్కని ముక్కల మీద గుప్పెడు ఉప్పు జల్లింది. జల్లి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నిప్పు" అంది తృప్తిగా.

"ఉప్పు" అంది చిన్నక్క.

"నిప్పు."

"సరే తల్లీ, నిప్పే."

పెద్దక్క మూతి ఒక పక్కకే నవ్వింది. ఇస్త్రీ అతను మాత్రం మొహం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరుసటిసారి వచ్చినప్పుడు టీచరమ్మ ఇదంతా విని ఆశ్చర్యపోలేదు. "ఇలాంటివాళ్ళకి ఒక మాట వెతుకుతుంటే దాని పక్కింటి మాట చేతికొస్తుంది. ధ్వని కలిసేదో, ఇంకేదో. ముందే చెప్పి ఉండాల్సింది" అంది. "కానీ మంచి కబురే. తలుపు తెరుచుకుంది. తప్పు మాటలు రానివ్వండి. సరిచెయ్యండి కానీ సతాయించకండి."

ఉప్పు చల్లిన ముక్కల్లోంచి కాసేపటికి నీరు ఊరి కారింది. బోర్లించి ఆ నీరంతా కారిపోయేదాకా ఉంచారు. ఇక ఆరబెట్టడానికి పళ్ళేలు కావాలి. కిందినుంచి కూడా గాలి తగలాలని పెద్దక్క అరచేతి కింద ఊది చూపించింది. ఇదొక్కటీ చిన్నక్క పని. డిపోలో అడిగి విరిగిన సీట్ల చట్రాలు తెచ్చుకుంది. వాటికి దోమతెర గుడ్డ బిగుతుగా లాగి, తన వంకర సూదితో చుట్టూ కుట్టింది. ఆ తెర మీద వేలుతో మీటితే డప్పులా పలికింది. పెద్దక్క కూడా మీటి చూసింది. మళ్ళీ ఇంకోసారి మీటింది.

పొద్దున ఇటుకల మీద చట్రాలు పరిచి పలచటి గుడ్డ కప్పడం, ఎండ తగ్గగానే, చెమ్మ పడకముందే లోపలికి తేవడం. ముక్క వంచితే విరక్కూడదు, నొక్కితే తడి అంటకూడదు. అలా అయ్యాయనుకుని చిన్నక్క మొదటి సీసా నింపేసింది. పెద్దక్క ఆ సీసాని మంచం పక్కన పెట్టించుకుంది. మర్నాడు గాజు మీద వేలితో టకటకమని కొట్టి పిలిచింది. లోపల సన్నటి ఆవిరి పట్టి ఉంది. మళ్ళీ అన్నీ గుమ్మరించి డాబా ఎక్కించాల్సి వచ్చింది.

ఈలోగా సెలవు అయిపోయింది. చిన్నక్క డిపోకి వెళ్ళక తప్పలేదు. పెద్దక్క కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది గానీ మెట్లు ఎక్కలేకపోతోంది. "మబ్బు పడితే నేను చూసుకుంటాలే చిన్నక్కా, నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నాడు ఇస్త్రీ అతను.

అతను మాట ఇచ్చాడు గానీ, ఒక మధ్యాహ్నం దండిగా బట్టలు వచ్చి పడ్డాయి. వీధికి వీపు పెట్టి, రేడియో పెద్దగా పెట్టుకుని పనిలో మునిగిపోయాడు. ఇటు వెనక నుంచి ఆకాశం నల్లబడుతోంది. వీధి గుమ్మంలో కుర్చీలో ఉన్న పెద్దక్క చూసింది. గాలి లేచింది. డాబా మీద గుడ్డ కొస కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

పిలవాలి. ఏమని? వాన అన్న మాట లోపల ఉంది, కనిపిస్తోంది, అందడం లేదు. అతన్ని ఏమని పిలుస్తుందో అదీ అందడం లేదు. కర్రతో గడప మీద కొట్టింది. రేడియో హోరులో అతనికి వినపడలేదు. చినుకు ఒకటి చేతి మీద పడింది. పెద్దక్క కళ్ళు మూసుకుని, ఏదొస్తే అదే రానీ అన్నట్టు గొంతెత్తింది.

"బస్సు! బస్సు! బస్సు!"

ఇస్త్రీ అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సైకిలు తిరగడమే కష్టమైన ఆ సందులోకి బస్సేమిటని అటూ ఇటూ చూశాడు. పెద్దక్క కర్ర పైకి చూపిస్తోంది. తలెత్తాడు. "అయ్యబాబోయ్!" అంటూ, ఇస్త్రీ పెట్టెని ఎవరిదో చొక్కా మీదే వదిలేసి మెట్ల వైపు దూకాడు.

డిపోలో రేకుల మీద వాన దడదడలాడుతుంటే చిన్నక్క చేతిలో పని వదిలేసి బయల్దేరింది. తడిసి ముద్దయి ఇల్లు చేరింది. ఇంతమంది ఇన్నాళ్ళ కష్టం నీళ్ళపాలేనని దారంతా అనుకుంటూనే ఉంది. లోపలికి వచ్చి చూస్తే, చట్రాలన్నీ తన మంచం మీద ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. ఒక్క చినుకు తగల్లేదు. పక్కన కుర్చీలో పెద్దక్క కర్ర ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. ఇస్త్రీ అతను గడపలో నిలబడి, కాలిన చొక్కా చేత్తో పట్టుకుని, జరిగిందంతా చెప్పాడు.

"బస్సు అందా?" చిన్నక్క నవ్వుతోనో ఏడుపుతోనో అక్క పక్కన కూలబడింది. "ఆ మాటే ఎందుకొచ్చిందే నీకు?"

పెద్దక్క తనకీ తెలియదన్నట్టు చెయ్యి తిప్పింది. తర్వాత చెల్లెలి తడి జుట్టు చూసి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె తల మీద పడేసింది. "తు... తుడుచుకో" అంది. అది మాత్రం సరైన మాటే.

కాలిన చొక్కా సొంతదారుకి చిన్నక్కే వెళ్ళి సర్దిచెప్పింది. కాలిన చోట ఆమె వేసిన అతుకు చూసి అతను ఇంకేమీ అనలేకపోయాడు.

ఆ ఏడాది వానాకాలం పొడుగునా సీసాలున్నాయి. పెద్దక్కకి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని సరిగ్గా వచ్చాయి, కొన్ని వేషం మార్చుకుని వచ్చాయి, కొన్ని రానే లేదు. చెల్లెల్ని చాలాకాలం "కుర్చీ" అని పిలిచింది. చిన్నక్క "ఆఁ, వస్తున్నా" అని పలికేది. కొన్నాళ్ళకి చుట్టరికపు మర్యాద పోయింది. కూరలో కారం ఎక్కువైందని ఒకరు కంచం తోస్తే, అయితే నువ్వే వండుకోమని ఇంకొకరు గరిటె విసిరారు. గొడవ ఆపుదామని వచ్చిన పక్కింటావిడని ఇద్దరూ కలిసి వెనక్కి పంపారు. ఆ పూట చిన్నక్క చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. మొక్కలు కాశాయి. చిన్నక్క ఇప్పుడు పొద్దున్నే లేచి కోసి, తుడిచి, ఉప్పు చల్లి, చట్రాల మీద పేర్చి డిపోకి వెళ్తోంది. ఒక సెలవు రోజు ఆమె డాబా మీద ఉండగా మెట్ల మీద కర్ర చప్పుడైంది. వంగి చూస్తే పెద్దక్క. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, ఎక్కుతోంది.

"ఒసేయ్ అక్కా! పడతావే! ఉండు, నేనొస్తున్నా!"

"ఉండు" అంది పెద్దక్క. తనని పట్టుకోవద్దని.

చిన్నక్క రెండు మెట్లు దిగి, చేతులు చాచి, ముట్టుకోకుండా నిలబడింది. పెద్దక్క పైకి వచ్చింది. చివరి మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. ఎండలో చట్రాలు బారులు తీరి ఉన్నాయి. గుడ్డ కింద ముక్కలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. పెదవులు కదుపుతూ లోపల ఏదో కూర్చుకుంటోంది. చిన్నక్క ఎదురుచూసింది.

"ఆ వరస... వంకరగా... పెట్టావు" అంది పెద్దక్క.

నాలుగు మాటలు, ఒక్కటీ తప్పు పోలేదు.

"బస్సు సీట్లు కుట్టి బతికేదాన్ని, నాకు వరస చెప్తావా?" అంది చిన్నక్క. అని, వెనక్కి తిరిగి చూసింది. వరస నిజంగానే వంకరగా ఉంది. గొణుక్కుంటూ వంగి సర్దడం మొదలుపెట్టింది. పెద్దక్క మెట్టు మీద నుంచి కర్రతో, ఇటు కాదు, అటు అని చూపిస్తూ కూర్చుంది.